తడబడకుండా మాట్లాడాను, అయినా ఎవరికీ అందలేదు

చీమకుర్తి లెక్కల టీచర్ | ఆగస్టు 28, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. చీమకుర్తి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. పదకొండేళ్లుగా తరగతి గదిలో ఒక్కరోజు కూడా గొంతు వణకలేదు. సభ అనేసరికి మాత్రం నేను నేనుగా ఉండను.

మొన్న 23న ప్రకాశం పంతులు గారి జయంతికి నన్ను మాట్లాడమన్నారు. వారం రోజులు కూర్చుని రాశాను. ధీరోదాత్తుడు, త్యాగధనుడు, తెల్లవారి తుపాకీకి గుండె చూపిన సింహం... ఇలాంటి మాటలన్నీ ఏరి కూర్చి కంఠతా పట్టాను. ఎక్కడా తడబడలేదు. చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు దగ్గరికి వచ్చి, "మేడమ్, ఆయన గుండె చూపించినప్పుడు తుపాకీ ఎంత దూరంలో ఉంది?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ మాట పలికేటప్పుడు నా కళ్ల ముందు తుపాకీ లేదు, వీధి లేదు, మనిషి కూడా లేడు. కాగితం మీది వాక్యం ఒక్కటే ఉంది. ఆ పిల్లవాడు మాత్రం నిజంగా చూడాలనుకున్నాడు. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఇప్పుడు ఇంకొకటి వచ్చి పడింది. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే అవ్వ దసరా సెలవుల ముందు మానేస్తున్నారు. మోకాళ్లు సహకరించడం లేదు. 2003లో పథకం మొదలైనప్పుడు పక్కనున్న ప్రాథమిక పాఠశాలలో చేరారు. పై తరగతులకు కూడా భోజనం వచ్చాక మా బడికి వచ్చారు. ఆమె కోసం చిన్న సభ పెడుతున్నాం, నేనే మాట్లాడాలి. ఈ మనిషి గురించి కూడా ఆ చచ్చిన మాటలే మాట్లాడతానేమోనని భయంగా ఉంది. దారి చెప్పండి.

పెన్నా గట్టు | ఆగస్టు 28, రాత్రి 10:02

టీచర్ గారూ, నేను నెల్లూరులో ఇంజినీరింగ్ విద్యార్థులకు సంభాషణా నైపుణ్యాలు నేర్పుతాను. మీ సమస్య మాటల్లో లేదు. వినేవారికి చేరేదాంట్లో మాటల వాటా 7 శాతమేనని, గొంతు 38, ముఖం 55 శాతమని చెబుతారు. అద్దం ముందు నిలబడి సాధన చేయండి. చేతులు నడుము పైనే కదలాలి. మూడు వైపులా చూపు తిప్పండి. ముఖ్యమైన చోట గొంతు పెంచండి, ఉద్వేగం దానంతట అదే వస్తుంది.

మైక్ సెట్ ఒంగోలు | ఆగస్టు 29, ఉదయం 6:40

అమ్మా, నేను మైక్ సెట్లు, షామియానాలు అద్దెకు ఇస్తాను. ముప్పై ఏళ్లుగా సభలు వింటున్నాను. కార్యక్రమం అయ్యేదాకా యాంప్లిఫయర్ దగ్గర నుంచి కదలడానికి లేదు కాబట్టి ప్రతి ప్రసంగం మొదటి నుంచి చివరిదాకా వినక తప్పదు.

గొంతు పెంచితే ఉద్వేగం వస్తుందన్న మాట నేను ఒప్పుకోలేను. గొంతు పెంచే పని నా మిషను చేస్తుంది. అరిచే వక్తకు నేను శబ్దం తగ్గిస్తాను, లేకపోతే హారన్లు పగిలినట్టు మోగుతాయి. మెల్లగా మాట్లాడే మనిషికి పెంచుతాను. అప్పుడు ఆ మనిషి ఊపిరి కూడా చివరి వరుసకు వినిపిస్తుంది.

సభ పట్టుకుందో లేదో నాకు కుర్చీలు చెబుతాయి. ప్లాస్టిక్ కుర్చీలో మనిషి అటూ ఇటూ కదిలితే కిర్రుమంటుంది. రెండు వందల కుర్చీలు కిర్రుమంటూ ఉంటే ఎంత పెద్ద వక్త అయినా దిగిపోవలసిందే. ఒకసారి కొండపి వైపు ఒక సంతాప సభలో చనిపోయినాయన తమ్ముడు లేచాడు. చదువు లేదు. "మా అన్న ఎద్దులకు నీళ్లు పెట్టకుండా తను తాగేవాడు కాదు" అన్నాడు. ఆగాడు. మళ్లీ అదే మాట అన్నాడు. ఇంకేమీ చెప్పలేక మైకు నా చేతికిచ్చి దిగిపోయాడు. అంత జనంలో ఒక్క కుర్చీ కదలలేదు.

పనికొచ్చే మాట ఇంకొకటి. మైకు నోటికి పిడికెడు దూరంలో ఉండాలి, అంతకన్నా దూరం వద్దు. చేతిలో పట్టుకుని బాక్సుల ముందుకు వెళ్లవద్దు, కీచుమంటుంది. బడి ఆవరణలో గోడకు కొట్టుకుని శబ్దం వెనక్కి వస్తుంది కాబట్టి వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగండి.

రంగస్థలం | ఆగస్టు 29, మధ్యాహ్నం 1:25

పద్యనాటకాల్లో నలభై ఏళ్లు వేషాలు వేశాను. ఇక్కడ ఒక అపోహ పెరుగుతోంది, ముందే చెప్పాలి. కంఠతా పట్టినంత మాత్రాన మాట చచ్చిపోదు. హరిశ్చంద్రుడి కాటి సీనులో పద్యాలు నేను కొన్ని వందల సార్లు పాడాను. ఒక్క అక్షరం మారదు. అయినా లోహితుడి శవం మీద గుడ్డ తొలగించే క్షణంలో ప్రతిసారీ నా చేతులు వణికేవి. ఎందుకంటే ప్రతిసారీ నేను ఆ గుడ్డను చూసేవాణ్ణి. దాని అంచు, తడి, బరువు చూసేవాణ్ణి. రాగం కోసం పద్యం పాడిన రోజు జనం వన్స్ మోర్ అన్నారు. గుడ్డను చూసి పాడిన రోజు వన్స్ మోర్ అనడం మరిచిపోయారు. నాకు ఆ రెండో రోజులే గుర్తున్నాయి.

మీరు జయంతి నాడు చేసిన తప్పు కంఠస్థం చేయడం కాదు, చూడకపోవడం. పంతులు గారు కూడా చిన్నప్పుడు ఒంగోలులో నాటకాలు ఆడినవారే, ఆడవేషాలు కట్టినవారే. వేషం కట్టినంత మాత్రాన అబద్ధమైతే ఆయన తరువాత కోర్టులో, వీధిలో అంత నిజంగా ఎలా నిలబడ్డారు?

ఆ పిల్లవాడి ప్రశ్న గురించి. 1928 ఫిబ్రవరి 3, మద్రాసు, సైమన్ కమిషన్ బహిష్కరణ. కాల్పుల్లో పడిపోయిన మనిషిని చూడడానికి పంతులు గారు వెళ్లబోతే అడ్డుకున్నారు. తుపాకీ పట్టిన వాడికి గుండె చూపాలంటే ముందు వాడి వైపు నడవాలి. మీ పిల్లవాడు అడిగింది ఆ నడక గురించే. దూరం ఎన్ని అడుగులని చెప్పనవసరం లేదు, ఆ అడుగులు వేస్తున్న మనిషికి అప్పుడు యాభై అయిదేళ్లని చెప్పండి చాలు. వాడికి అర్థమవుతుంది.

పొగతోట పాఠకురాలు | ఆగస్టు 29, రాత్రి 8:50

పెన్నా గట్టు గారూ, ఆ 7-38-55 లెక్కను దయచేసి పిల్లలకు చెప్పవద్దు. నేను మనస్తత్వశాస్త్రం బోధిస్తాను, ప్రతి ఏటా ఈ ఒక్క అపోహ తొలగించడానికి ఒక పీరియడు పోతుంది. అవి ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన అంకెలు. విడివిడి పదాలను రకరకాల స్వరాల్లో వినిపించి, ముఖాల ఫోటోలు చూపించి, పలికిన మనిషికి ఎదుటివారంటే ఇష్టమో కాదో ఊహించమన్నారు. మాట ఒకటి చెబుతూ గొంతు ఇంకొకటి చెబితే మనం గొంతునే నమ్ముతామన్నది అందులోంచి తేలింది. ప్రసంగంలో మాటల విలువ ఏడు శాతమని ఆయన ఎక్కడా అనలేదు. అది ఇష్టాయిష్టాలు, భావాలు చెప్పే సందర్భానికే వర్తిస్తుందని ఆయనే స్పష్టం చేశారు. మాటలు అంత తేలికైతే తమిళ ప్రసంగం విని మనకు 93 శాతం అర్థం కావాలి కదా!

టీచర్ గారికి ఉపయోగపడే పరిశోధన ఒకటి ఉంది. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించారు. ప్రసంగానికి ముందు కొందరిని "నేను ప్రశాంతంగా ఉన్నాను" అని పైకి అనమన్నారు, మరికొందరిని "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అనమన్నారు. రెండో వారు ఎక్కువసేపు మాట్లాడారు, మెరుగ్గా మాట్లాడారని వినేవారు చెప్పారు. భయంలోనూ ఉత్సాహంలోనూ గుండె ఒకేలా కొట్టుకుంటుంది. దాన్ని అణచాలని చూస్తే అలసట. దానికి పేరు మారిస్తే అదే గుండె మనకు సాయం చేస్తుంది.

పెన్నా గట్టు | ఆగస్టు 29, రాత్రి 9:31

మీరు చెప్పింది చదివి ఆ ప్రయోగాల గురించి వెతికి చూశాను. మీదే నిజం. ఆరేళ్లుగా ఆ అంకెలు బోర్డు మీద రాస్తున్నాను. సోమవారం క్లాసులో దిద్దుకుంటాను. ధన్యవాదాలు.

కలిగిరి సాక్షర | ఆగస్టు 30, సాయంత్రం 5:10

నా వయసు అరవై దాటింది. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచిన రోజుల్లో స్వచ్ఛంద కార్యకర్తను. రాత్రిపూట లాంతరు పెట్టుకుని మా వీధి ఆడవాళ్లకు అక్షరాలు చెప్పేదాన్ని. మా కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ గారు, తోటి మహిళలు సారా దుకాణం మూయించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆ కథ పాఠంగా మిగతా పల్లెలకు వెళ్లింది. 1992లో జిల్లా అంతా అంటుకుంది, సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధించారు.

పుస్తకాల్లో ఇంతవరకు ఉంటుంది. నేను కళ్లారా చూసింది ఇంకొకటి. అంతకు ముందు ఆ ఆడవాళ్లు పంచాయతీలో నోరు విప్పినవారు కారు. ఊరికి అధికారి వస్తే తలుపు చాటున నిలబడేవారు. అలాంటి మా వీధి మనిషి ఒకామె, పేరు చెప్పను, జీపు దిగిన పెద్ద అధికారి ముందు నిలబడింది. చెంగు నడుముకు చుట్టి ఉంది. "నాకు కూలి పన్నెండు రూపాయలు. అందులో పది సారా కొట్టుకు పోతుంది. రెండు రూపాయలకు నూకలు ఎన్ని వస్తాయో మీరు చెప్పండి" అంది. అంతే. ఏడవలేదు, కేకలు వేయలేదు. ఆయన సమాధానం కోసం ఆమె నిజంగానే ఎదురుచూసింది. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు.

ఆమెకు ఎవరూ ప్రసంగం నేర్పలేదు. కానీ రాత్రి బడిలో అదే మాట మా మధ్య ఇరవై సార్లు చెప్పింది. మొదట్లో చాలా పొడుగ్గా చెప్పేది, మొగుణ్ణి తిట్టేది, దేవుణ్ణి తిట్టేది. చెప్పగా చెప్పగా తిట్లన్నీ రాలిపోయి ఆ మూడు అంకెలు మిగిలాయి. అందుకే తయారీ వద్దనే వారితో నేను ఏకీభవించను. మనవాళ్ల మధ్య చెప్పుకుని చెప్పుకుని అరగదీసిన మాటే జీపు ముందు నిలబడింది.

మీరూ అవ్వ గురించి ముందు మీ ఇంట్లో చెప్పండి. రాయకండి, చెప్పండి.

చీమకుర్తి లెక్కల టీచర్ | ఆగస్టు 31, రాత్రి 10:20

అమ్మా, మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

చెప్పి చూశాను. అవ్వ గురించి మా ఆయనకు చెప్పడం మొదలుపెట్టి రెండు నిమిషాల్లో ఏడ్చేశాను. వేదిక మీద అలా జరిగితే? ఇంకొకటి, కాగితం పట్టుకోవాలా వద్దా? కాగితం చూస్తే మనసులోంచి రాలేదంటారు, లేకపోతే మరిచిపోతానని భయం.

రంగస్థలం | సెప్టెంబరు 1, ఉదయం 11:05

ఏడుపు రానివ్వండి, కానీ ఏడుస్తూ మాట్లాడకండి. ఆగండి. నోరు మూసి ముక్కుతో నిండుగా గాలి పీల్చండి, పొట్ట కదలాలి. పక్కనున్న వస్తువు ఏదైనా చూడండి, బల్ల అంచో, నీళ్ల గ్లాసో. గొంతు దానంతట అదే తెరుచుకుంటుంది. ఆ నాలుగు క్షణాలు మీకు యుగంలా అనిపిస్తాయి, జనానికి అనిపించవు. నటుడు ఏడిస్తే ప్రేక్షకుడు ఏడవడని మా గురువు గారు అనేవారు. ఏడుపు ఆపుకునే మనిషిని చూస్తేనే వారికి కన్నీళ్లు వస్తాయి.

కాగితం వద్దు. చేతిలో కాగితం ఉన్నంతసేపూ కన్ను అటే పోతుంది.

పొగతోట పాఠకురాలు | సెప్టెంబరు 1, రాత్రి 7:44

కాగితం విషయంలో నేను ఒప్పుకోను. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ కాగితం చూసే మొదలుపెట్టారు. చాలాసేపు రాసుకున్నదే చదివారు. వెనుక నుంచి గాయని మహాలియా జాక్సన్ కల గురించి చెప్పమని అరిచారు. అప్పుడు ఆయన కాగితం వదిలేశారు. ప్రపంచానికి గుర్తున్నది ఆ వదిలేసిన తరువాతి భాగమే. అయితే ఆ కల మాటలు అప్పటికప్పుడు పుట్టలేదు. అంతకు ముందు వేరే ఊళ్ల సభల్లో ఆయన చెప్పినవే, కలిగిరి అమ్మ గారి వీధి మనిషిలా. కాబట్టి కాగితం ఉండనివ్వండి. వదిలేయగలిగేంతగా విషయం మీలో ఉందా లేదా అన్నదే చూసుకోండి.

పల్లిపాడు | సెప్టెంబరు 2, ఉదయం 7:15

మా ఊళ్లో పెన్న ఒడ్డున ఉన్న ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. అక్కడికి వచ్చే పిల్లలకు నేనొకటి తప్పకుండా చెబుతాను. ఆయన బారిస్టరై వచ్చిన కొత్తలో బొంబాయి కోర్టులో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, తల తిరిగి, ఒక్క ప్రశ్న కూడా అడగలేక కూర్చుండిపోయారు. ఫీజు 30 రూపాయలు తిరిగి ఇచ్చేశారు. చివరిదాకా ఆయన గొంతు పెద్దది కాలేదు. ఆ బిడియం వల్లే మాటలు పొదుపు చేయడం నేర్చుకున్నానని ఆయనే రాసుకున్నారు. మీ భయాన్ని తప్పుగా చూడకండి టీచర్ గారూ.

కావలి ఉత్తరాలు | సెప్టెంబరు 2, రాత్రి 9:58

అందరూ చెప్పినవి చదివాను. నాది చిన్న ప్రశ్న. మీరు లెక్కల టీచర్. మీ జయంతి ప్రసంగంలో లెక్క ఎక్కడుంది? ధీరోదాత్తుడు అనేది తెలుగు పండితుల మాట. వారి నోట అది బతికే ఉంటుంది, వారు ఆ మాటతోనే పెరిగారు. మీరు దాన్ని అరువు తెచ్చుకున్నారు. మీరు రోజూ పిల్లలతో మాట్లాడే భాష ఏదో దాంతోనే అవ్వ గురించి ఎందుకు చెప్పకూడదు?

చీమకుర్తి లెక్కల టీచర్ | సెప్టెంబరు 2, రాత్రి 11:30

మీ ప్రశ్న చదివి లేచి కూర్చున్నాను.

మైక్ సెట్ ఒంగోలు | సెప్టెంబరు 14, ఉదయం 6:22

అమ్మా, తయారీ ఎలా ఉంది? సభకు మైకు ఎవరిది? ఎవరూ లేకపోతే నేను పంపిస్తాను, అద్దె వద్దు. పథకంలో వంట చేసేవారికి నెలకు 3000 రూపాయల గౌరవ వేతనమని మా చెల్లెలి వల్ల నాకు తెలుసు. ఆమెదీ అదే పని.

చీమకుర్తి లెక్కల టీచర్ | సెప్టెంబరు 20, రాత్రి 8:47

ఈ రోజు సభ అయింది. ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

మైకు పంపిన అన్నయ్యకు ముందుగా నమస్కారం. పిడికెడు దూరం గుర్తుపెట్టుకున్నాను. లేచే ముందు వరండా స్తంభం వెనుక నిలబడి "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకే అన్నాను. గుండె దడ తగ్గలేదు. దాన్ని తగ్గించాలన్న తాపత్రయం మాత్రం పోయింది.

వేదికను అలంకరించిన పెద్దలు అని మొదలుపెట్టలేదు. బోర్డు తెప్పించి పక్కన పెట్టించాను, చేతిలోకి సుద్దముక్క తీసుకున్నాను. అది వేళ్ల మధ్యకు రాగానే నా భుజాలు దిగాయి. "పిల్లలూ, ఒక లెక్క చేద్దాం" అన్నాను. అవ్వ 22 ఏళ్లు వండారు. ఏడాదికి 220 పనిదినాలు. సగటున రోజుకు 120 పళ్లేలు. ఎంత? పిల్లలందరూ నోట్లో గుణిస్తున్నారు, కొందరు అరచేతి మీద వేలితో రాస్తున్నారు. అయిదు లక్షల ఎనభై వేల ఎనిమిది వందలు. అంకె బోర్డు మీద రాసి వెనక్కి తిరిగితే అవ్వ ముందు వరుసలో చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. ఆ అంకె ఆమెకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

తరువాత గరిట గురించి చెప్పాను. అవ్వ గరిట కొలత అందరికీ ఒకటి కాదు. ఇది నేను నాలుగేళ్లు చూసి తెలుసుకున్నాను. క్వారీల్లో పనిచేసేవారి పిల్లలు కొందరు పొద్దున ఏమీ తినకుండా వస్తారు. వారు పళ్లెం రెండు చేతులతో పట్టుకుంటారు. తిని వచ్చిన పిల్లలు ఒక చేత్తో పట్టుకుంటారు. అవ్వ ముఖం చూడరు, చేతులు చూస్తారు. రెండు చేతుల పళ్లెంలో గరిట నిండుగా, కాస్త ఒత్తి పడుతుంది. ఎవరినీ అడగరు, అడిగితే పిల్లలు సిగ్గుపడతారని. ఇది చెబుతుండగా గొంతు పట్టేసింది. ఆగాను. సుద్దముక్క చివర చూస్తూ ఊపిరి పీల్చుకున్నాను. ఎంతసేపో తెలియదు, కుర్చీలు మాత్రం కిర్రుమనలేదు.

అప్పుడు జరిగిందే నేను అనుకోనిది. తుపాకీ ఎంత దూరమని అడిగిన ఆ పిల్లవాడే లేచి, "మేడమ్, లెక్క తప్పు. కరోనా అప్పుడు బడి మూసేశారు కదా, ఆ రోజులు తీసేయాలి" అన్నాడు. కొందరు నవ్వారు. నేను వాడన్నది నిజమేనని ఒప్పుకుని చెరపడానికి బోర్డు వైపు తిరిగాను.

"తీసేయవద్దు టీచరమ్మా" అని వెనుక నుంచి గొంతు వినిపించింది. అవ్వ లేచి నిలబడి ఉన్నారు, ఒక చేత్తో మోకాలు పట్టుకుని. "అప్పుడు కూడా బియ్యం కొలిచి ఇచ్చాం. గుడ్లు, చిక్కీలు సంచుల్లో వేసి ఇచ్చాం. రాలేని వాళ్ల ఇళ్లకు నేనే తీసుకెళ్లాను. వాడికీ ఇచ్చాను, అడగండి" అని వాడి వైపు చూపించారు. వాడు అప్పుడు మూడో తరగతి అయి ఉంటాడు. కాసేపు ఆలోచించి తల ఊపాడు.

అంకె అలాగే ఉంచాను. కాగితం నా పర్సులో ఉండిపోయింది. సభ అయ్యాక బోర్డు ఎవరూ తుడవలేదు, ఇప్పుడు అది మా స్టాఫ్ రూములో ఉంది.